సరుకు మనది, మాట ఎవరిది?

మన సంఘంలో ఉద్యోగాలు చేసుకునేవారమే ఎక్కువ. డాక్టర్లం, ఇంజనీర్లం, కాలేజీల్లో పాఠాలు చెప్పేవారం. అయితే ఈ మధ్య సొంతంగా ఏదో ఒక సరుకు తయారుచేసి అమ్ముదామనే కుటుంబాలు కూడా కనబడుతున్నాయి. ఒకరు కందిపొడి, కరివేపాకు పొడి డబ్బాలకెత్తుతున్నారు. ఒకరు పిల్లలు ఆడుకోవటానికి తెలుగు అక్షరాల చెక్కదిమ్మెలు చేయిస్తున్నారు. ఇంకొకరు నాట్యం నేర్చుకునే పిల్లలకు దుస్తులు కుట్టించి తెప్పిస్తున్నారు. సరుకు దివ్యంగా ఉంటుంది. దానిమీద అంటించిన చీటీ, దానితో ఇచ్చే కరపత్రం మాత్రం చదివినవారికి ఏమీ చెప్పవు. "శ్రేష్ఠమైనది, స్వచ్ఛమైనది, నాణ్యమైనది" అని మూడు మాటలుంటాయి. ఆ మూడూ ఏ సరుకు మీదనైనా వ్రాయవచ్చును.

సబ్బు, టూత్‌పేస్టు వంటివి అందరూ కొంటారు. మన సరుకులు అలాంటివి కావు. వాటిని కొనేవారు కొద్దిమంది. ఆ కొద్దిమంది ఎవరో తెలుసుకుని, వారికి అర్థమయ్యేటట్లు నాలుగు మాటలు వ్రాసిపెట్టే మనిషి కావాలి. ఈ దేశంలో ఆ పని చేసేవారిని కాపీరైటర్లు అంటారు. పుస్తకాల మీద హక్కును తెలిపే కాపీరైట్ వేరు, ఇది వేరు. ప్రకటనలో ఉండే మాటలు వ్రాసే మనిషి కాపీరైటర్.

"డాక్టరుకు ఈ గొడవ ఎందుకు?" అని మీరు అడగవచ్చు. కిందటేడు మా పిన్ని కూతురు, నాకు అక్క, గోంగూర పచ్చడి సీసాల్లో పెట్టి అమెరికన్లకు కూడా అమ్మాలని సంకల్పించింది. తను పదేళ్ళుగా కూడబెట్టుకున్న సొమ్ము అందులో పెట్టింది. ప్రకటన వ్రాసేవారి కోసం వెతుకుతూ, వచ్చిన వ్రాతల్లో ఆరోగ్యం గురించిన మాటలు సరిగా ఉన్నాయో లేదో చూసిపెట్టమని నన్ను పిలిచింది. అలా నాలుగు నెలలపాటు ఆ వ్యవహారమంతా దగ్గర ఉండి చూశాను. చూసినకొద్దీ ఇది మా వృత్తికి అంత దూరమైనది కాదనిపించింది. మన సంఘంలో ఇదే పనికి దిగబోయే వారికి ఉపయోగపడుతుందని ఆ సంగతులు వ్రాస్తున్నాను.

గోంగూరతో వచ్చిన చిక్కు

మనకు గోంగూర గురించి ఒకరు చెప్పవలసిన పని లేదు. తెలంగాణా వారు పుంటికూర అంటారు, మనం గోంగూర అంటాము, ఇద్దరమూ లొట్టలు వేస్తాము. ఈ దేశపు మనిషికి ఆ సీసా ఇచ్చి చూడండి. "పికిల్" అని వ్రాస్తే వెనిగర్‌లో ఊరిన దోసకాయ ముక్క అనుకుంటాడు. "చట్నీ" అని వ్రాస్తే తియ్యటి మామిడికాయ జామ్ అనుకుంటాడు. శనివారం సంతలో రుచి చూడమని పెడితే ఒక పెద్దాయన పెద్ద చెంచా నిండా తీసుకుని ఒట్టిదే నోట్లో వేసుకున్నాడు. తరువాత ఆయనకు మంచినీళ్ళు ఇవ్వటమే సరిపోయింది.

పైగా ఇది తిండి వస్తువు. ఇంట్లో వండి ఎవరికో ఇచ్చినట్లు అమ్మటానికి వీల్లేదు. అక్క లైసెన్సు ఉన్న వంటశాల అద్దెకు తీసుకుంది. సీసాలో మూతపెట్టి, ఫ్రిజ్ బయట నిలవ ఉంచే పుల్లని పచ్చడికి పి.హెచ్. 4.6కు మించకూడదు. మించితే బొట్యులిజం కలిగించే క్రిమి పెరగటానికి అవకాశం ఉంటుంది. ఆ పరీక్షలన్నీ చేయించింది. అంటే సరుకు విషయంలో ఆమె చేయవలసినదంతా చేసింది. మిగిలినది మాట.

ముగ్గురు వచ్చారు

మొదటి ఆయన మా ఊళ్ళో ఒక ప్రకటనల సంస్థ మనిషి. చక్కని సూటు, చక్కని మాట. సీసా మూత తీయకుండానే ఆయన ఆలోచన తయారుగా ఉంది. ఏనుగులు, రాజమహలు, "అయిదు వేల సంవత్సరాల రహస్యం". అందులో ఉన్నది ఎండుమిరపకాయ అనీ, మిరప మన దేశానికి పోర్చుగీసు వారితో 16వ శతాబ్దంలో వచ్చినదనీ బావ మెల్లగా చెప్పాడు. "కొనేవారికి ఆ సంగతి తెలియదు కదా!" అన్నాడాయన. అక్క కాఫీ ఇచ్చి పంపించింది.

రెండవ ఆయన మాటకు ఇంత అని లెక్కకట్టి వ్రాసేవాడు. చవక. రెండు రోజుల్లో ఆరు పేజీలు తెచ్చి ఇచ్చాడు. చదవటానికి ఇంపుగానే ఉంది. అందులో గోంగూర రక్తహీనతను పోగొడుతుందనీ, రక్తపోటు తగ్గిస్తుందనీ, చక్కెర జబ్బును అదుపులో పెడుతుందనీ వ్రాశాడు. ఎక్కడ తెలుసుకున్నావయ్యా అంటే, ఇటువంటి సరుకుల మీద అందరూ అలాగే వ్రాస్తారు అన్నాడు. ఇంకొక విశేషం కూడా ఉంది, దానిని తరువాత చెబుతాను.

మూడవ ఆమెకు యాభై అయిదేళ్ళు ఉంటాయి. ఒక విత్తనాల కంపెనీకి చాలాకాలం కాటలాగులు వ్రాసిందట. వచ్చి కూర్చుని, సంచిలోంచి నోటుపుస్తకం తీసి, ప్రశ్నలు మొదలుపెట్టింది. ఇది ఏ ఆకు? పువ్వు ఎలా ఉంటుంది? నూనె ఏది? ఒకసారికి ఎంత తింటారు? దేనితో తింటారు? మీ పిల్లలు తింటారా? తినకపోతే ఎందుకు? మూత తీశాక ఎన్నాళ్ళుంటుంది? ఇంతవరకు కొన్నవాళ్ళు ఎవరు? ఒకసారి కొని మళ్ళీ రానివాళ్ళు ఎవరు? అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి అడిగింది: "రెండవ సీసా కొన్నవాళ్ళు ఎవరు?"

రెండు గంటలపాటు ఆమె తన గొప్ప ఒక్కటి కూడా చెప్పుకోలేదు. వెళ్ళేటప్పుడు రెండు సీసాలు డబ్బిచ్చి కొనుక్కుంది. వచ్చే శనివారం సంతలో ఒక మూల నిలబడి చూస్తాను, అభ్యంతరం లేదు కదా అని అడిగింది. అప్పుడే నేను బావతో అన్నాను, "ఈమె మాకు పాఠం చెప్పిన ప్రొఫెసరులా ఉంది" అని.

మెడికల్ కాలేజీలో మాకు మొట్టమొదట నేర్పేది ఇదే. స్టెతస్కోపు తీయకముందు రోగి చెప్పేది వినాలి. 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన వచ్చింది. కొత్తగా వచ్చిన 80 మంది రోగులలో 66 మందికి, పంపించిన డాక్టరు ఉత్తరం చదివి, రోగి చెప్పినది విన్న తరువాత చేసిన నిర్ధారణే చివరిదాకా నిలిచింది. అంటే జబ్బు సంగతి చాలావరకు వినటంలోనే తెలిసిపోతుంది. సరుకు సంగతి కూడా అంతే. వినకుండా వ్రాసిన ప్రకటన, చూడకుండా ఇచ్చిన మందుచీటీ ఒక్కటే.

పెద్దలు చేసిన పని

ఆ తరువాత నాకు కుతూహలం కలిగి, ఈ విద్యలో పేరుపొందిన వారి గురించి చదివాను. వాళ్ళు కూడా వ్రాయటం కంటే అడగటం మీద, చూడటం మీద ఎక్కువ కాలం గడిపారు.

క్లాడ్ హాప్‌కిన్స్ అని ఒకాయన ఉండేవాడు. 1923లో ప్రకటనల శాస్త్రం మీద చిన్న పుస్తకం, 1927లో తన జీవితకథ వ్రాశాడు. ష్లిట్జ్ అనే బీరు కంపెనీకి ప్రకటన వ్రాయవలసి వచ్చినప్పుడు ఫ్యాక్టరీకి వెళ్ళి చూశాడట. సీసాలను యంత్రంతో నాలుగుసార్లు కడుగుతున్నారు. నీటి కోసం నాలుగు వేల అడుగుల లోతు బావులు తవ్వారు. "ఈ సంగతులు ఎందుకు చెప్పటం లేదు?" అని అడిగితే, "ఇందులో ఏముంది, అన్ని కంపెనీలూ ఇలాగే చేస్తాయి" అన్నారు. కాని ఏ కంపెనీ కూడా చెప్పలేదు కదా! ఆయన ఆ సంగతులనే వ్రాశాడు. కొద్ది నెలల్లో అమ్మకాల్లో ఆ బీరు అయిదో స్థానం నుండి మొదటి స్థానానికి సమంగా వచ్చిందని ఆయనే వ్రాసుకున్నాడు. తన గొప్ప తాను చెప్పుకున్నాడనుకుని కొంత తగ్గించుకున్నా, పద్ధతి మాత్రం గమనించదగినది.

డేవిడ్ ఒగిల్వీ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఆయన ముందు పారిస్‌లో ఒక హోటల్ వంటింట్లో పనిచేశాడు. తరువాత స్కాట్లండులో ఇంటింటికీ తిరిగి ఆగా అనే పొయ్యిలు అమ్మాడు. ఆగా పొయ్యి ఖరీదైనది, బరువైనది, అందరూ కొనేది కాదు. తలుపు తట్టి, వంటమనిషితో మాట్లాడి, ఇంటావిడతో మాట్లాడి నేర్చుకున్నదంతా 1935లో తోటి అమ్మకందార్ల కోసం చిన్న పుస్తకంగా వ్రాశాడు. న్యూయార్కులో సొంత సంస్థ పెట్టినది 1948లో. 1958లో రోల్స్ రాయిస్ కారుకు ప్రకటన వ్రాసే ముందు మూడు వారాలపాటు ఆ కారు గురించి చదివానని చెప్పుకున్నాడు. గంటకు 60 మైళ్ళ వేగంలో కూడా ఆ కారులో పెద్దగా వినబడేది గడియారం చప్పుడే అనే సంగతి అలా చదువుతుండగా దొరికినదే. ఆ మాట ఒక కార్ల పత్రికలో పరీక్ష చేసినవారు వ్రాసినది, ఆయన కల్పించినది కాదు.

ఇక మన తెలుగువాడి సంగతి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తలనొప్పికి పసుపుపచ్చని లేపనం, అంతకుముందు ఎవరూ ఎరగనిది. ఆయన సంగీత కచేరీలలో దానిని ఉచితంగా పంచిపెట్టేవారు. ఒకసారి నుదుటికి రాసుకున్నవాడికి ఇంక వర్ణించి చెప్పవలసినదేముంది? 1908లో బొంబాయి నుండే ఆంధ్రపత్రికను వారపత్రికగా తీసుకువచ్చిన మనిషికి మాటల కరువు లేదు. అయినా మాట ఎక్కడ చాలదో ఆయనకు తెలుసు. మంచి కాపీరైటర్ కూడా ఈ సంగతి చెబుతాడు. "నా వ్రాతకు ఇచ్చే డబ్బులో సగంతో రుచి చూపించండి" అనగలిగినవాడు దొరికితే వదలకండి.

తీపి మాట ఎంత దూరం పోతుంది

రెండవ ఆయన వ్రాతలో ఇంకొక విశేషం ఉందన్నాను కదా. సీసా మీద వేసే పదార్థాల పట్టికలో "నువ్వుల నూనె" అని ఉన్నచోట "సంప్రదాయ గానుగ నూనె" అని మార్చాడు. చెవికి ఇంపుగా ఉంటుందట. నిజమే, ఇంపుగానే ఉంది. కాని నువ్వులు పడని పిల్లలున్నారు. నేను రెసిడెన్సీ చేసే రోజుల్లో ఎమర్జెన్సీ గదిలో అటువంటి పిల్లలను చూశాను. పెదవులు వాచి, గొంతు పట్టేసి, ఊపిరి అందక వస్తారు. ఎపినెఫ్రిన్ సూది వెంటనే పడకపోతే ప్రాణానికి ముప్పు. గానుగ నూనెలో నువ్వుల ప్రొటీను కొంత మిగిలి ఉంటుంది కాబట్టి ప్రమాదం కల్పితం కాదు. ఆ పిల్లల తల్లి దుకాణంలో సీసా తిప్పి వెతికేది ఒక్క మాట కోసమే. ఆ ఒక్క మాట తీసేసి అందమైన మాట పెడితే, ఆ తల్లికి మనం అబద్ధం చెప్పినట్లే.

చట్టం కూడా ఇదే అంటున్నది. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల వంటివి, చెట్ల గింజలు, వేరుసెనగ, గోధుమ, సోయా అనే ఎనిమిదింటి పేర్లు సీసా మీద స్పష్టంగా చెప్పాలని 2004లో చట్టం చేశారు. 2021లో చేసిన ఇంకొక చట్టంతో నువ్వులు తొమ్మిదవది అయింది. అది 2023 జనవరి 1 నుండి అమలులో ఉంది. మన పచ్చళ్ళు, పొడులు చేసేవారు ఈ తేదీ గుర్తుపెట్టుకోవాలి. నువ్వులు లేని తెలుగు వంటిల్లు ఎక్కడుంది?

జబ్బులు నయమవుతాయని వ్రాయటం ఇంకొక ప్రమాదం. ఏ పదార్థమైనా ఫలానా జబ్బును నయం చేస్తుందని చెప్పి అమ్మితే, 1938 నాటి ఆహార, ఔషధ చట్టం ప్రకారం అది మందు కింద లెక్క. మందుకు కావలసిన రుజువులన్నీ చూపించాలి. మనం అమ్మేది పచ్చడి! ఆకుకూరలో ఇనుము ఉన్నమాట నిజమే గాని, అది మాంసంలో ఉండే ఇనుములాగా సులువుగా ఒంటికి పట్టదు. ఇక రక్తపోటు తగ్గుతుందని ఉప్పు వేసి ఊరబెట్టిన పచ్చడి మీద వ్రాయటం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రోజు మొత్తానికి సోడియం 2,300 మిల్లీగ్రాములు మించవద్దని ఇక్కడి లెక్క. రక్తపోటు ఉన్నవాడు ఆ ప్రకటన నమ్మి రోజూ నాలుగు చెంచాలు తింటే, నా దగ్గరికే వస్తాడు.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. లిస్టరిన్ అనే మందునీళ్ళు 1879లో శస్త్రచికిత్సలో క్రిములను చంపటానికి తయారైనవి. తరువాత పుక్కిలించటానికి అమ్మారు. జలుబు, గొంతునొప్పి రాకుండా చేస్తుందని దశాబ్దాల తరబడి ప్రకటించారు. చివరికి 1975లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభ్యంతరం చెప్పింది, 1977లో అప్పీలు కోర్టు దానిని సమర్థించింది. తరువాత దాదాపు కోటి డాలర్ల విలువైన ప్రకటనలలో, తమ నీళ్ళు జలుబును, గొంతునొప్పిని ఆపవని తామే చెప్పుకోవలసి వచ్చింది. కోటి డాలర్లు తట్టుకోగలిగిన కంపెనీ కాబట్టి నిలబడింది. మనబోటి వారి సంగతేమిటి? ప్రకటన వ్రాసినవాడు డబ్బు తీసుకుని వెళ్ళిపోతాడు. ఆ మాటకు పూచీ పడవలసినది సరుకు మీద పేరున్న మనమే.

ఎక్కడ వెతకాలి

ఊళ్ళో పెద్ద సంస్థ దగ్గరికి వెళ్ళటం అందరికీ తోచే దారి. చిన్న సరుకుకు అది పనికిరాదు. వారికి మన పని చాలా చిన్నది, ఆఖరికి అక్కడ కొత్తగా చేరిన కుర్రవాడి బల్ల మీదికి వెళుతుంది.

మీ సరుకుకు పొరుగున ఉన్న సరుకులను చూడండి. పచ్చడికి విత్తనాల కాటలాగులు, తేనె, జున్ను అమ్మేవారి కరపత్రాలు పొరుగు. అక్షరాల దిమ్మెలకు పిల్లల పుస్తకాలు, కొయ్యబొమ్మల కాటలాగులు పొరుగు. మిమ్మల్ని ఆకట్టుకుని, మీచేత కొనిపించిన కాగితం ఏదైనా ఉంటే, ఆ చిన్న కంపెనీ యజమానికి ఉత్తరం వ్రాసి, ఇది ఎవరు వ్రాశారని అడగండి. వారు మన పోటీదారులు కారు కాబట్టి సామాన్యంగా చెబుతారు. అక్కకు మూడవ ఆమె దొరికినది ఈ విధంగానే. బావకు తోటపని పిచ్చి. ఆయన ప్రతి చలికాలం చదువుకునే విత్తనాల కాటలాగు వ్రాసినది ఆమే. స్థానిక పత్రికలో వంటల పేజీ వ్రాసి మానేసినవారు, విశ్వవిద్యాలయంలో జర్నలిజం చెప్పేవారు కూడా మంచి ఆధారమే.

మాదిరి వ్రాతలు చూపించినప్పుడు భాష ఎంత బాగుందని చూడకండి. ఆ వ్రాత చదివాక ఆ సరుకు గురించి మీకు అంతకుముందు తెలియని సంగతి ఒక్కటైనా తెలిసిందా అని చూడండి. తెలియకపోతే ఆ రచయిత ఆ సరుకును చూడలేదన్నమాట.

తరువాత ఒక చిన్న పని, డబ్బిచ్చి చేయించండి. ఊరికే వ్రాసి చూపించమనటం మర్యాద కాదు. మనం కూడా ఊరికే మందుచీటీ వ్రాయము కదా. అక్క ఆమెకు ఇచ్చిన మొదటి పని అరచేయంత కార్డు మీద ఆరు లైన్లు. అంతకుముందు అక్క తానే వ్రాసి పెట్టుకున్న కార్డు ఇంకొకటి ఉంది. ఏది మంచిదో తేల్చటానికి ఒక శనివారం ఒకటి, మరుసటి శనివారం ఇంకొకటి పెడదామన్నాడు బావ. ఒకరోజు వాన, ఒకరోజు ఎండ, ఒకరోజు ఫుట్‌బాల్ ఆట, అందుచేత అది సరైన పోలిక కాదన్నాను. ఒకేరోజు గంటకొకటి చొప్పున మార్చి మార్చి పెట్టారు, అలా నాలుగు శనివారాలు. ఈ పరీక్షకు పెద్ద చదువు అక్కరలేదు, ఒక గడియారం, ఒక పెన్సిలు చాలు. పూర్వం పోస్టులో సరుకు అమ్మేవారు పత్రికలో కూపన్లు అచ్చువేసి, ఒక్కొక్క ప్రకటన కూపనుకు ఒక్కొక్క గుర్తు పెట్టి, ఏ గుర్తుది ఎన్ని తిరిగి వచ్చాయో లెక్కబెట్టేవారు. పద్ధతి అదే.

డబ్బు, కాగితం

మాటకు ఇంత అని ఇస్తే మాటలు పెరుగుతాయి. మనకు కావలసినది తక్కువ మాటలు. అమ్మకంలో వాటా ఇస్తామంటే ఎక్కువ అమ్మాలని పెద్ద మాటలు వస్తాయి, లెక్కలు చూపించే గొడవ కూడా ఉంటుంది. మొత్తం పనికి ఇంత అని మాట్లాడుకుని, సగం ముందు, సగం పని చేతికి వచ్చాక ఇవ్వటం మంచిది. ఎన్నిసార్లు దిద్దాలో కూడా ముందే అనుకోవాలి. మా మూడవ ఆమె చవక కాదు. రెండవ ఆయన అడిగినదానికి రెట్టింపు పైన తీసుకుంది. చెప్పిన తేదీకి పది రోజులు ఆలస్యం కూడా చేసింది. అయినా ఆరు పేజీలు పారేయటం కంటే ఆరు లైన్లు వాడుకోవటం లాభం.

చాలామంది మరచిపోయే కాగితం ఒకటుంది. డబ్బిచ్చాము కాబట్టి ఆ వ్రాత మనదే అనుకుంటాము. 1976లో చేసి 1978 నుండి అమలు చేసిన కాపీరైట్ చట్టం ప్రకారం, జీతానికి పనిచేసే ఉద్యోగి కాక బయటి మనిషి వ్రాస్తే, హక్కు మొదట వ్రాసినవారిదే. అది మనకు రావాలంటే వారు సంతకం చేసిన కాగితం ఉండాలి. ఒక పేజీ చాలు. దానితోపాటు, "ఇందులో మాట ఎక్కడినుండీ ఎత్తి వ్రాయలేదు" అని కూడా వ్రాయించుకోండి.

మన వైపు నుండి కూడా ఒక క్రమశిక్షణ కావాలి. వచ్చిన వ్రాతను బావమరుదులు, తోడికోడళ్ళు, పొరుగువారు తలొక మాట దిద్దితే అది ఎవరి వ్రాతా కాకుండా పోతుంది. నిర్ణయం ఒక్కరే చేయాలి. కాని నిజానిజాలు చూసే బాధ్యత రచయిత మీద వదలకూడదు. ప్రకటనలో ఉన్న ప్రతి వాక్యానికీ ఎదురుగా, ఇది ఎలా తెలుసు అని ఒక కాగితం మీద వ్రాసి దగ్గర పెట్టుకోవాలి. వ్రాయలేకపోతే ఆ వాక్యం తీసేయాలి. అక్క అలా తీసేసినవి అయిదో ఆరో ఉన్నాయి, వాటిలో అందమైనవి కూడా ఉన్నాయి.

మనవారా, ఇక్కడివారా?

తెలుగువాళ్ళతోనే వ్రాయించవచ్చు కదా అని కొందరు అడిగారు. ఎవరు కొంటారన్న దానిని బట్టి ఉంటుంది. మనవాళ్ళకు అమ్మేటప్పుడు "గుంటూరు గోంగూర" అనే రెండు మాటలు చాలు, మిగతాది నాలుక చెబుతుంది. అక్కడ మన భాష తెలిసినవాళ్ళే వ్రాయాలి. బయటివారికి అమ్మేటప్పుడు మనకు ఒక లోపం ఉంది. మనకు అన్నీ తెలుసు. తెలిసినవాడు అడగవలసిన ప్రశ్న అడగడు. పచ్చడి అన్నంలో కలుపుకుంటారన్న సంగతి చెప్పాలని మనలో ఎవరికి తోచింది?

మూడవ ఆమె అడిగిన "పువ్వు ఎలా ఉంటుంది?" అనే ప్రశ్న ఎంత దూరం తీసుకువెళ్ళిందో చూడండి. బావ పెరట్లో పెంచుతున్న ఎర్రకాడ గోంగూర మొక్క చూపించాడు. ఆమె విత్తనాల కాటలాగులు వ్రాసిన మనిషి కాబట్టి చూడగానే, "ఇది రోసెల్ కదా!" అంది. హైబిస్కస్ సబ్డారిఫా. దీని పువ్వు అడుగున ఉండే ఎర్రని రక్షకపత్రాలను ఎండబెట్టి మెక్సికో వారు పానీయం చేసుకుంటారు, దానిని హమైకా అంటారు. కరిబియన్ దీవులవారు సోరెల్ అంటారు. ఈ ఊళ్ళో చాలామంది తాగే ఉంటారు. పువ్వు రుచి ఎరిగినవారికి ఆకును పరిచయం చేయటం ఎంత సులువు! అయిదు వేల ఏళ్ళ రహస్యం ఎందుకిక?

రెండవ సీసా ప్రశ్న కూడా అంతే. ఆరోగ్యం కోసం శాకాహారం తినేవారు కొంటారని అక్క అనుకుంది. ఆమె సంతలో నిలబడి, తిరిగి వచ్చినవారిని అడిగి తెలుసుకున్నది వేరు. వాళ్ళు కోడిగుడ్డు అట్టు పక్కన, నిప్పుల మీద కాల్చిన మాంసం పక్కన నంజుకుంటున్నారు. అక్క కొంచెం నొచ్చుకుంది గాని, కొన్నవాడి కంచంలో ఏముండాలో మనం చెప్పలేము. చివరికి ఆమె వ్రాసిన కార్డు సారాంశం తెలుగులో చెప్పాలంటే ఇది: ఇది హమైకా మొక్క ఆకు. పులుపు ఆకుది, కారం ఎండుమిరపకాయది. నువ్వుల నూనెలో చేసినది. ఒట్టిగా తినవద్దు. చిన్న చెంచాడు వేడి అన్నంలో కలుపుకోండి, లేదా గుడ్డు పక్కన పెట్టుకోండి.

ఇందులో శ్రేష్ఠం, స్వచ్ఛం, నాణ్యం అనే మాటలు లేవు. నువ్వుల నూనె అనే మాట రెండుచోట్ల ఉంది, ఒకటి కార్డు మీద, ఒకటి సీసా మీద పట్టికలో. గంటకొకటి మార్చిన పరీక్షలో నాలుగు శనివారాలూ ఈ కార్డే ముందుంది. అక్క కోటీశ్వరురాలు కాలేదు. మూడు దుకాణాలవారు సీసాలు పెట్టుకున్నారు, ఖాళీ అయితే మళ్ళీ అడుగుతున్నారు. పెట్టిన సొమ్ము మెల్లగా వెనక్కి వస్తున్నది. సంతలో ఒకావిడ కార్డు చదివి, "మా అబ్బాయికి నువ్వులు పడవు, చెప్పినందుకు చాలా సంతోషం" అని సీసా కిందపెట్టి వెళ్ళిపోయింది. ఒక సీసా అమ్ముడుపోలేదు. ఆరోజు అక్క ఫోన్ చేసి చెప్పినవాటిలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చినది ఆ మాటే.

మన సభ్యులలో ఎవరైనా సరుకు అమ్మే ప్రయత్నంలో ఉంటే, వ్రాసేవారిని వెతకబోయే ముందు ఈ అయిదు ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద వ్రాసుకోండి. ఇందులో ఏమేమి ఉన్నాయి, దాచకుండా? దీనిని ఎలా వాడాలి? ఇది ఎవరికి పనికిరాదు? రెండవసారి కొన్నవారు ఎవరు? మేము రోజూ చేస్తూ, ఎవరికీ చెప్పని పని ఏది? ఆ కాగితం ఇచ్చినప్పుడు సంతోషించి, ఇంకా పది ప్రశ్నలు వేసేవారిని పెట్టుకోండి. తిండి వస్తువైతే, మీద వేసే మాటలు అచ్చుకు ఇచ్చే ముందు నాకు చూపించండి. ఆదివారం మధ్యాహ్నాలు తీరికగానే ఉంటాను. ఫీజు ఒక సీసా పచ్చడి, అది కూడా రక్తపోటు చూసుకుని పుచ్చుకుంటాను.